తుపాను నెలలు రాకముందే: ఇంటికి జనరేటర్ కొంటున్నారా?

అక్టోబరు దగ్గర పడుతోందంటే ఉత్తరాంధ్ర తీరంలో అందరికీ కరెంటు గురించే టెన్షన్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు స్తంభాలు వరసగా నేలకొరిగి చాలా కాలనీల్లో రోజుల తరబడి కరెంటు లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ఊళ్లను అదే స్థితికి తెచ్చింది. లైట్లు లేకపోతే ఎలాగో సర్దుకుంటాం. ట్యాంకులో నీళ్లు అయిపోతే మాత్రం రెండో రోజుకే ఇల్లు నడవదు. అందుకే జనరేటర్ కొనేవాళ్లు ముందు చూడాల్సింది ఇంట్లో ఉన్న నీళ్ల మోటారునే.

1 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు సుమారు 1,000 వాట్లు తీసుకుంటుంది. స్విచ్ వేసిన ఆ క్షణంలో మాత్రం దానికి మూడు రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ లాగుతుంది. చిన్న జనరేటర్ అయితే ఇంజిన్ ఒక్కసారిగా మూలిగి, బల్బులు మసకబారి, ఆగిపోతుంది. షాపులో ఫ్యాన్లు, లైట్లు పెట్టి చూపిస్తే అన్నీ చక్కగానే తిరుగుతాయి, ఈ సంగతి అక్కడ బయటపడదు. మోటారు మీద హెచ్‌పీ, వాట్లు రాసి ఉండే రేకు పలక ఫోటో తీసుకుని వెళ్లండి. ఫ్రిజ్‌దీ అంతే, స్టార్టయ్యేటప్పుడు ఎక్కువ కావాలి. జనరేటర్ అట్ట పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండేది చాలాసార్లు మాక్సిమం అంకె, అంటే కాసేపు మాత్రమే ఇవ్వగలిగేది. మీ లెక్కకు రేటెడ్ అంకె, అంటే ఆగకుండా ఇవ్వగలిగేది తీసుకోండి. 1 హెచ్‌పీ మోటారున్న ఇంటికి 3 కేవీఏకి (జనరేటర్ సామర్థ్యాన్ని కొలిచే లెక్క) తక్కువ కొనకపోవడం మంచిది. ఏసీ కూడా నడవాలంటే ఖర్చు, పెట్రోలు రెండూ బాగా పెరుగుతాయి. తుపాను నాలుగు రోజులకు అది అవసరం లేదని నా అభిప్రాయం.

ఫ్లాట్లలో ఉండేవాళ్లు జనరేటర్ ఆలోచన మానుకుని ఇన్వర్టర్ తీసుకోండి. 150 ఏహెచ్ బ్యాటరీతో మూడు ఫ్యాన్లు, నాలుగు ఎల్‌ఈడీ లైట్లు దాదాపు నాలుగైదు గంటలు వస్తాయి. బాల్కనీలో జనరేటర్ పెట్టడం అంటే ప్రాణాలతో చెలగాటమే.

ఎందుకంటే జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మగతతో మొదలవుతుంది. నిద్రలో ఉన్నవాళ్లకు అదీ తెలియదు. వానకు తడుస్తుందని వరండాలోకి, సెల్లార్‌లోకి, మెట్ల కిందకి జరపడం ఎక్కడా చేయొద్దు. తలుపు తీసి ఉంచినా, పక్కన ఫ్యాన్ పెట్టినా సరిపోదు. కిటికీలకు కనీసం 20 అడుగుల దూరంలో, నాలుగు వైపులా గాలి ఆడేలా పైన మాత్రం రేకు వేసిన చోటు ముందే చూసుకోండి. అలాంటి చోటు మీ ఆవరణలో లేకపోతే జనరేటర్ కొనకండి.

ఇంకో పని కొందరు చేస్తుంటారు: వైరుకు రెండు చివరలా ప్లగ్ బిగించి, ఒకటి జనరేటర్‌లో, రెండోది గోడ సాకెట్‌లో గుచ్చుతారు. ఒక చివర గుచ్చగానే రెండో చివర పిన్నుల్లో కరెంటు బయటికే ఉంటుంది, చెయ్యి తగిలితే అంతే సంగతులు. మెయిన్ ఆపడం మరిచిపోతే ఆ కరెంటు మీటరు దాటి లైనులోకి వెళ్లి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వేల వోల్టులవుతుంది. లైను చచ్చిపోయిందనుకుని స్తంభమెక్కిన లైన్‌మ్యాన్ ప్రాణం పోతుంది. మన కరెంటు కోసమే తిండీ నిద్రా మాని పనిచేసే మనిషికి మన ఇంటి వైరు వల్ల హాని జరగకూడదు. తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో ఛేంజోవర్ స్విచ్ (ఇంటికి లైను కరెంటో జనరేటర్ కరెంటో ఒక్కటే వచ్చేలా మార్చేది) పెట్టించండి, ఎర్తింగ్ సరిగ్గా ఉందో కూడా చూడమనండి. అది కుదరకపోతే మంచి ఎక్స్‌టెన్షన్ వైరుతో నేరుగా ఫ్రిజ్‌కో మోటారుకో ఇచ్చుకోండి.

పెట్రోలు విషయంలో ఆలస్యం వద్దు. కరెంటు లేకపోతే బంకులో పంపులూ ఆగిపోతాయి. హుద్‌హుద్ తర్వాత విశాఖలో బంకుల ముందు ఎంత క్యూలున్నాయో చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. హెచ్చరిక వినగానే తెచ్చి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో వంటింటికి దూరంగా ఉంచండి. నడుస్తున్న జనరేటర్‌లో పోయొద్దు. ఆపి, వేడి తగ్గాకే పోయాలి. రోజంతా నడపక్కర్లేదు: పొద్దున ఓ గంట ట్యాంకు నింపి, ఫోన్లు చార్జ్ చేసి, ఫ్రిజ్ చల్లబరిచి ఆపేయండి. ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్లో ఆక్సిజన్ మిషన్ మీదున్నవాళ్లో ఉంటే లెక్క వాళ్ల దగ్గరే మొదలుపెట్టాలి.

సెప్టెంబరులోనే ఒక సాయంత్రం మెయిన్ ఆపి, జనరేటర్ మీద మోటారు వేసి చూడండి. ఆగిపోతే బాగు చేయించుకోవడానికి అప్పటికి ఇంకా టైముంటుంది.