ప్రాంగణానికి ఫైబర్ కేబుల్ కొనేముందు తేల్చుకోవలసినవి

కళాశాల, ఆసుపత్రి వంటి నాలుగైదు భవనాల ప్రాంగణంలో ఆప్టికల్ ఫైబర్ వేయదలచినవారు ధరలు అడగడానికి ముందు టేపు పట్టుకుని కేబుల్ పోయే దారంతా కొలవాలి. డక్టు మలుపులు, అంతస్తుల ఎత్తు, స్ప్లైసింగ్ (ఫైబర్ కొసలను అతికించడం) కోసం రెండు చివరలా చుట్టి ఉంచే అదనపు పొడవు కలిస్తేనే అసలు దూరం తేలుతుంది.

ఫైబర్ కేబుళ్లు మల్టీమోడ్, సింగిల్ మోడ్ అని రెండు రకాలు. మల్టీమోడ్ కేబుల్‌లో కాంతి నడిచే కోర్ వ్యాసం 50 లేదా 62.5 మైక్రాన్లు. అంత వెడల్పులో కాంతి అనేక దారులు పట్టి, ఒకే సంకేతంలోని భాగాలు ముందువెనుకలుగా చేరడంతో, వేగం పెరిగేకొద్దీ ఒక సంకేతం మరొకదానిలో కలిసిపోతుంది. అందువల్లనే సెకనుకు 10 గిగాబిట్ల వేగం మల్టీమోడ్ తరగతుల్లో పాతదైన ఓఎం1 కేబుల్‌పై 33 మీటర్లకే ఆగిపోతుంది. ఓఎం3పై 300 మీటర్లు, ఓఎం4పై 400 మీటర్ల వరకు అందుతుంది. కోర్ సుమారు 9 మైక్రాన్లే ఉండే సింగిల్ మోడ్‌పై ఎల్‌ఆర్ (దూరానికి పనికొచ్చే) రకం మాడ్యూళ్లతో (స్విచ్‌లో అమర్చి, విద్యుత్ సంకేతాన్ని కాంతిగా మార్చే పరికరాలతో) అదే వేగం 10 కిలోమీటర్లు వెళ్తుంది.

భవనాల మధ్య దూరం 150 మీటర్లే అయినా సింగిల్ మోడ్ వేయడమే మేలని నా దృఢాభిప్రాయం. స్విచ్‌లు, మాడ్యూళ్లు కొన్నేళ్లకొకసారి ఎలాగూ మారుస్తాం, కాని భూమిలో పూడ్చిన కేబుల్‌ను మార్చాలంటే మళ్లీ కందకం తవ్వాలి. ఒకే సర్వర్ గది లోపలి అనుసంధానాలకు మాత్రం ఓఎం4 చక్కగా సరిపోతుంది. కోర్ల (అంటే కేబుల్‌లోని ఫైబర్ పోగుల) సంఖ్యలోనూ పొదుపు వద్దు: నేటి అవసరం 6 అయితే 12 కోర్ల కేబుల్ తీసుకోవాలి.

నేలలో పూడ్చే చోట పందికొక్కుల పళ్లకు తట్టుకునే ఆర్మర్డ్ కేబుల్ అవసరం. దానిలోని ఉక్కు పొరను భవనంలోకి వచ్చేచోట తప్పక ఎర్తింగ్ చేయాలి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ తరహాలో కరెంటు స్తంభాల మీదుగా తీసుకెళ్లాలంటే లోహం లేని, తన బరువును తానే మోసుకునే ఏడీఎస్ఎస్ రకం ఎంచుకోవాలి. భవనాల లోపల, మంటల్లో పొగ తక్కువగా వెలువరించే ఎల్ఎస్‌జెడ్‌హెచ్ పొర ఉన్నదే వాడాలి. ఇరుకు మూలల్లో జి.657.ఎ2 ఫైబర్ 7.5 మిల్లీమీటర్ల వ్యాసార్థం వరకు వంపును ఓర్చుకుంటుంది.

ఆరుబయట వేసే కేబుళ్లు రకమేదైనా చాలావరకు నల్లగానే ఉంటాయి. అందుకే డ్రమ్ము దించుకునేటప్పుడు, పైపొర మీద అచ్చువేసిన రకం, కోర్ల సంఖ్య, మీటర్ల గుర్తులు చదివి ఆర్డరుతో సరిచూసుకోవాలి.