చెమ్మ గోడ మీద చెయ్యి వేసే ముందు

పుట్టీ కొట్టి రంగేస్తే చెమ్మ పోదు. మా చిక్కడపల్లి పాత ఇంట్లో రెండుసార్లు వేయించాం, రెండుసార్లూ వానాకాలానికి పొక్కులు లేచాయి. గోరు తగిలితే చాలు, పెచ్చు ఊడి కింద తెల్లటి ఉప్పు పొడి రాలేది.

ముందు నీళ్లెక్కడివో తేల్చుకోండి. అడుగు చదరం ప్లాస్టిక్ కవరును గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయండి. గోడ వైపు తడి ఉంటే చెమ్మ గోడలోంచి వస్తున్నట్టు. గది వైపు ఉంటే గాలి ఆడటం లేదన్నట్టు. కుళాయిలన్నీ కట్టేసినా నీళ్ల మీటరు తిరుగుతోందా? అయితే ఎక్కడో పైపు కారుతోంది.

- తడి గోడలో స్విచ్ బోర్డు ఉంటే మెయిన్ ఆఫ్ చేయాల్సిందే. ఎలక్ట్రీషియన్ చూశాకే సుత్తి పట్టండి.
- చెమ్మకు పట్టిన బూజును (ఫంగస్) పొడిగా గీకొద్దు. తడిపి, మాస్కు పెట్టుకుని, కిటికీలు తెరిచి తుడవండి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ గదిలో ఉండకూడదు.
- బ్లీచింగ్‌లో యాసిడ్ కలపొద్దు, విషవాయువు వస్తుంది.
- డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) గోడకు సిమెంటు ప్లాస్టరింగ్ వద్దు. సున్నం తేమను బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే బిగించేస్తుంది. మేస్త్రీ "ఏం కాదు సార్" అంటాడు, వినకండి.
- బీరువా గోడకు జానెడు దూరం జరపండి.

పని మార్చి, ఏప్రిల్‌లో పెట్టుకోండి. జూన్‌లో వానలు మొదలయ్యాక గోడ ఆరదు.