పసిపిల్లల కిమోనో వీపు మీద సెమమోరి ఎలా కుట్టాలి?

జపాన్‌లో నెల పిల్లల్ని గుడికి తీసుకెళ్ళే మియామైరి రోజున కప్పే కిమోనో మీద కొంగలు, తాబేళ్ళు, పైన్ కొమ్మలు అందరూ చూస్తారు, మెడ వెనక ఉండాల్సిన చిన్న కుట్టు సంగతే ఎవరికీ పట్టదు. పెద్దవాళ్ళ కిమోనోకి రెండు పన్నాలు కలిపి వీపు మధ్యలో కుడతారు, ఆ కుట్టే వెనకనుంచి వచ్చే చెడు నుంచి కాపు కాస్తుందని నమ్మకం. పసిపిల్లల హితోత్సుమి కిమోనోకి వీపంతా ఒకటే పన్నా, కుట్టే ఉండదు. ఆ లోటు పూడ్చడానికి తల్లులు చేత్తో వేసే రక్షే సెమమోరి.

ఎర్ర కాటన్ దారం, సన్న సూది, బట్ట మీద గీసే టైలర్ చాక్ చాలు. తెల్లదీ ఐదు రంగులదీ వాడేవాళ్ళున్నారు, మీరు మాత్రం ఎరుపే తీసుకోండి, దూరానికి కూడా కనపడేది అదే. కిమోనోని నిలువుగా మడిచి వీపు మధ్య గీత గీసేయండి, కాలర్ కిందనుంచి ఓ జానెడు లోపు.

ఇప్పుడు అసలు పని. గీత మీద పైనుంచి కిందకి 9 కుట్లు, అక్కడ్నుంచి ఏటవాలుగా 3, మొత్తం 12, ఏడాదిలో నెలలన్ని. ఏటవాలు ఎక్కువ చోట్ల మగపిల్లాడికి ఎడమకి, ఆడపిల్లకి కుడికి వేస్తారు, ఊరిని బట్టి మారుతుంది కాబట్టి ఇంట్లో పెద్దావిడ ఏం చెప్తే అదే. చాలామంది తప్పు చేసేది ఇక్కడే, బట్టని తిరగేసి లోపలివైపు నుంచి కుడతారు, బయటకి తిప్పి చూస్తే దిక్కు మారిపోయుంటుంది. పట్టుబట్టలో విప్పితే సూది బెజ్జాలు అలాగే కనపడతాయి. అందుకే బయటి వైపే పైకి పెట్టుకుని, ఏటవాలుని కూడా ముందే చాక్‌తో గీసి, ఇంకొకరికి చూపించాకే సూది పట్టండి. పై బట్ట ఒక్కటే పట్టాలి, లైనింగ్ కూడా పట్టిందా వీపంతా ముడతలే. దారం బిగించి లాగొద్దు.

చివర్లో దారం కత్తిరించేయకుండా కాస్త వేలాడనివ్వాలి. పిల్లాడు బావిలోనో ఇంటి మధ్య నిప్పుల గుంటలోనో పడబోతే దేవుడు ఆ దారం పట్టుకుని పైకి లాగుతాడని పాతవాళ్ళ నమ్మకం. రెండు అంగుళాలు మించొద్దు, పొడుగుదైతే పసివేళ్ళకి చుట్టుకుని రక్తం ఆగిపోతుంది, ఫొటోలవగానే బట్ట మార్చేయండి.

ఇప్పుడు ఇస్త్రీతో అంటించే రెడీమేడ్ బొమ్మలూ దొరుకుతున్నాయి, అవి వద్దండీ, బిడ్డ కోసం ఒక్కో కుట్టూ చేత్తో వేయడమే దీని ప్రాణం. ఇంకా ఓపికుంటే హెంప్ (గంజాయి జాతి నార మొక్క) ఆకు డిజైన్, అసనోహా, కుట్టండి. ఆ మొక్క ఊతం లేకుండా నిటారుగా, తొందరగా పెరుగుతుంది, పిల్లలూ అలాగే పెరగాలని.

కిమోనో అద్దెకి తెచ్చిందైతే దాని జోలికి వెళ్ళకండి, లోపల తొడిగే తెల్ల బట్ట మీద కుట్టండి, అదీ వీపు మీదే కదా.