ఆన్‌లైన్‌లో వినికిడి ప్రయోగమా? ముందు ఫోన్ చూడండి, ప్లాట్‌ఫామ్ తర్వాత

ఆన్‌లైన్‌లో వినికిడి ప్రయోగం తయారుచేసి నడపడానికి ఏ ప్లాట్‌ఫామ్ మంచిదని ఎవరైనా అడిగితే నేను ఎదురు అడిగేది ఒక్కటే, మీ ప్రయోగంలో పాల్గొనేవాళ్ల చేతిలో ఏముంది? విశాఖలో అయితే జవాబు దాదాపు తెలిసిందే. ఏయూ హాస్టల్లో ఉన్నా, ఎంవీపీ కాలనీ పీజీలో ఉన్నా, గాజువాక నుంచి బస్సెక్కి కాలేజీకి వచ్చినా, వాట్సాప్‌లో లింకు పంపితే తెరిచేది ఆండ్రాయిడ్ ఫోన్‌లో, అదీ మెడలో బ్లూటూత్ నెక్‌బ్యాండ్ వేసుకుని. ఇంగ్లిష్‌లో దొరికే సలహాలు మాత్రం చాలావరకు ఎదుట ల్యాప్‌టాప్, కీబోర్డు, వైరున్న హెడ్‌ఫోన్ ఉన్నాయనుకుని రాసినవి. వాటిని చదివి ప్లాట్‌ఫామ్ కొనేసి, తీరా లింకు పంపాక ‘స్పేస్ బార్ నొక్కండి’ దగ్గర అందరూ ఆగిపోతారు, ఫోన్‌లో స్పేస్ బార్ ఎక్కడుంది?

ముందు ఏం కొలుస్తున్నారో తేల్చుకోండి

ఒక చిన్న ప్రయోగం అనుకుందాం. ‘కల’ అనే మాట రికార్డు చేసి, ప్రాట్ అనే ధ్వని సాఫ్ట్‌వేర్‌లో ‘ల’ నిడివిని కొద్దికొద్దిగా పెంచుకుంటూ ‘కల్ల’ దాకా ఒక వరుస తయారుచేశారు. ఒక్కోటి వినిపించి, తెర మీద ఎడమ పక్క ‘కల’, కుడి పక్క ‘కల్ల’ బటన్లు పెట్టి, ఏది విన్నారో నొక్కమంటారు. ఇందులో మీకు కావలసింది ‘ఏది నొక్కారు’ అన్నదే అయితే టైమింగ్ గురించి టెన్షన్ పడక్కర్లేదు. ధ్వని ఒక పావు సెకను ఆలస్యంగా చెవికి చేరినా జవాబు మారదు. ఏ ప్లాట్‌ఫామ్ అయినా సరిపోతుంది, ఉచితమైనది తీసుకోండి.

‘ఎంత త్వరగా నొక్కారు’ అన్నది కావాలంటే మాత్రం కథ వేరు. 60 హెర్ట్జ్ తెర ఒక్కో ఫ్రేమ్‌కి దాదాపు 16.7 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, టచ్ స్క్రీన్ తన వంతు ఆలస్యం కలుపుతుంది, బ్లూటూత్ అయితే సులువుగా 100 మిల్లీసెకన్ల పైన, చౌక రకాల్లో 200 పైన కూడా తింటుంది. బ్రిడ్జెస్, పిర్స్ మరికొందరు కలిసి 2020లో చేసిన పెద్ద పోలికలో ల్యాబ్ కంప్యూటర్‌లో నడిచే మంచి సాఫ్ట్‌వేర్ల హెచ్చుతగ్గులు మిల్లీసెకను లోపే ఉంటే, బ్రౌజర్‌లో నడిచేవి బ్రౌజర్‌ని బట్టీ, ఆపరేటింగ్ సిస్టమ్‌ని బట్టీ మారాయి. (ఆ బృందంలో అలాంటి సాఫ్ట్‌వేర్లలో ఒకటైన సైకోపై తయారుచేసినవాళ్లే ఉన్నారు, అది గుర్తుపెట్టుకుని చదవండి, కానీ పని మాత్రం శ్రద్ధగా చేసిందే.)

ఒకే మనిషి ఒకే ఫోన్ మీద రెండు రకాల ధ్వనులకీ జవాబిస్తే, ఆ ఫోన్ తాలూకు స్థిరమైన ఆలస్యం రెండిట్లోనూ ఉంటుంది కాబట్టి తీసివేతలో పోతుంది. అంచేత వీలైనంతవరకు ప్రయోగాన్ని ‘ఒకే మనిషిలో పోలిక’గా డిజైన్ చేయండి. రెండు గుంపుల్ని పోల్చేటప్పుడు, ఒక గుంపు నగరం కాలేజీలో ల్యాప్‌టాప్‌ల మీద, ఇంకోటి శ్రీకాకుళం పల్లెల్లో ఫోన్ల మీద చేసిందనుకోండి, చివరికి మీరు కొలిచింది మనుషుల్నా పరికరాల్నా అన్నది ఏ ప్లాట్‌ఫామూ చెప్పలేదు.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీర్చేద్దాం. నెట్ స్లోగా ఉంటే రియాక్షన్ టైమ్ (విన్నాక నొక్కడానికి పట్టే సమయం) తప్పుగా వస్తుందా అని చాలామంది అడుగుతారు. రాదు. ప్రయోగం ముందే పూర్తిగా లోడ్ అయితే, ఆ తర్వాత అంతా ఆ ఫోన్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, సర్వర్ యూరప్‌లో ఉన్నా పర్వాలేదు. నెట్ అవసరం మొదట్లో ఫైళ్లు దిగడానికి, చివర్లో డేటా పంపడానికి. అందుకే ప్రీలోడ్ (ఫైళ్లన్నీ ముందే దింపుకోవడం) లేకుండా, ఒక్కో ట్రయల్‌లో (అంటే వినిపించి జవాబు తీసుకునే ఒక్కోసారి) ఒక్కో ఫైలు అప్పటికప్పుడు తెచ్చేలా కట్టకండి.

ఇక ప్లాట్‌ఫామ్‌లు

గూగుల్ ఫామ్స్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే అందరి చెయ్యీ ముందు దాని మీదకే వెళ్తుంది. అందులో నేరుగా ఆడియో పెట్టలేం, రియాక్షన్ టైమ్ రాదు. సమ్మతి పత్రానికి, వయసు, మాతృభాష లాంటి ప్రశ్నలకి వాడుకోండి, అంతే.

కోడ్ రాయగలిగినవాళ్లు, లేదా రాయగల తమ్ముడో చెల్లెలో ఇంట్లో ఉన్నవాళ్లు జేఎస్‌సైక్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ తీసుకోండి. ఇది ఉచితం, ఓపెన్ సోర్స్. ‘ధ్వని వినిపించి, బటన్ నొక్కించి, రెండిటి మధ్య సమయం రాసుకో’ అనే పనికి తయారు ప్లగిన్ ఉంది, ప్రీలోడ్‌కి వేరే ప్లగిన్ ఉంది, బటన్లు ఫోన్‌లో వేలికి చక్కగా పనిచేస్తాయి. నా ఓటు దీనికే. అయితే ఇది లైబ్రరీ మాత్రమే, డేటా దాచే చోటు మీరు చూసుకోవాలి. గిట్‌హబ్ పేజీ మీద పెట్టేసి వదిలేస్తే జనం ప్రయోగం చేస్తారు, జవాబులు గాల్లో కలుస్తాయి. డేటాపైప్ అనే ఉచిత సేవ జవాబుల్ని ఓఎస్ఎఫ్ (పరిశోధన ఫైళ్లు దాచుకునే సైటు) లోని మీ ప్రాజెక్టుకి పంపుతుంది, కాగ్నిషన్ డాట్ రన్‌లో అయితే ప్రయోగం, డేటా రెండూ అక్కడే ఉంటాయి, లేదా జాటోస్.

జాటోస్ గురించి కాస్త ఆగి చెప్పాలి. ఇది ప్రయోగాలు కట్టే సాధనం కాదు, నడిపించే సర్వర్. జేఎస్‌సైక్, ల్యాబ్ డాట్ జేఎస్, ఓపెన్‌సెసమీ లాంటి సాధనాల్లో కట్టినవి దీనిలో పెట్టొచ్చు. సొంత సర్వర్ లేకపోతే మైండ్‌ప్రోబ్ అనే ఉచిత జాటోస్ సర్వర్ ఉంది. మనలాంటివాళ్లకి దీని అసలు లాభం ఇంకోటి, జాటోస్‌ని నేరుగా మీ ల్యాప్‌టాప్‌లోనే, నెట్ లేకుండా నడపొచ్చు. పాడేరు వైపు సిగ్నల్ లేని ఊళ్లో అదే ప్రయోగం, అదే కోడు, వైరున్న హెడ్‌ఫోన్‌తో పెట్టి, ఫలితాల్ని తర్వాత ఎగుమతి చేసుకోవచ్చు.

కోడ్ అంటే భయమా, అయితే సైకోపై బిల్డర్ చూడండి, బొమ్మలు పేర్చినట్టు పేర్చుకుంటూ పోవచ్చు. సాఫ్ట్‌వేర్ ఉచితం, ఆన్‌లైన్‌లో నడపడం పావ్లోవియా అనే సైటులో, అక్కడ పైలట్ మోడ్‌లో పరీక్షించుకోవడం ఉచితం కానీ అసలు సేకరణకి మనిషికింత అని క్రెడిట్లు కొనాలి, లేదా సంస్థకి లైసెన్సు ఉండాలి. రెండు చిక్కులు. మీరు పైథాన్‌లో రాసుకున్న చిన్న కోడ్ ముక్కల్ని అది జావాస్క్రిప్ట్‌లోకి మార్చుతుంది గానీ ప్రతిసారీ సరిగ్గా మార్చదు, కాబట్టి కంప్యూటర్‌లో నడిచింది కదా అని బ్రౌజర్‌లో చూడకుండా వదలొద్దు. రెండోది, కీబోర్డ్ కాంపొనెంట్ పెట్టి ఫోన్‌కి పంపితే అంతే సంగతులు, మౌస్ లేదా బటన్ కాంపొనెంట్ పెట్టాలి.

గొరిల్లా డబ్బున్న ల్యాబ్‌ల ఎంపిక. ప్రయోగం తయారుచేసుకోవడం ఉచితం, పాల్గొనే మనుషుల్ని బట్టి బిల్లు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నారో లేదో చూసే పరీక్షలు వేరేవాళ్లు కట్టినవి అందులోనే దొరుకుతాయి, తీసుకుని వాడుకోవచ్చు. చిక్కల్లా విదేశీ కరెన్సీలో చెల్లించడం. అంతర్జాతీయ చెల్లింపులు ఆన్ చేసిన కార్డు ఎవరిది, బిల్లు కాలేజీ అకౌంట్స్ సెక్షన్ ఒప్పుకుంటుందా అన్నది ముందే కనుక్కోండి, ఎంఏ ప్రాజెక్టుకైతే నేను సిఫారసు చేయను. ల్యాబ్‌వాన్స్‌డ్ కూడా ఇలాంటిదే. వాక్యాలు మాట తర్వాత మాటగా చదివించే ప్రయోగాలకి పీసీఐబెక్స్ ఉచితం, భాషాశాస్త్రం వాళ్లకి అలవాటైనది. సైటూల్‌కిట్ ఉచితం, పాత క్లాసిక్ ప్రయోగాలు బోలెడు తయారుగా ఉన్నాయి, క్లాసులో చూపించడానికి బాగుంటుంది. ఓపెన్‌సెసమీ ఆన్‌లైన్‌లో నడిచేటప్పుడు పైథాన్ కోడ్ తీసుకోదు, జావాస్క్రిప్ట్ మాత్రమే, ఇది తెలియక చాలామంది చివర్లో మళ్లీ రాసుకుంటారు.

ధ్వని సంగతి

ఏ ప్లాట్‌ఫామ్ తీసుకున్నా ఇది మీ పనే. ఫైళ్లు వేవ్ ఫార్మాట్‌లో పెట్టండి. ఎంపీ3 చేస్తే మొదట్లో కొన్ని మిల్లీసెకన్ల నిశ్శబ్దం కలిసిపోతుంది, సూక్ష్మమైన తేడాలు కొన్ని కుదింపులో పోతాయి. సైజు భయమైతే లెక్క చూడండి, 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్, మోనోలో ఒక సెకను దాదాపు 88 కిలోబైట్లు. 200 ఫైళ్లంటే 17, 18 మెగాబైట్లు, మొబైల్ డేటాకి అదేమంత భారం కాదు. ఫైళ్ల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టండి, తెలుగు పేర్లు పెడితే ఏదో ఒక సర్వర్ ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుంది. అన్ని ఫైళ్ల సగటు తీవ్రత ప్రాట్‌లో సమం చేయండి.

క్రోమ్ లాంటి బ్రౌజర్లు మనిషి ఒకసారి తెరని తాకేదాకా ధ్వని మోగనివ్వవు. కాబట్టి మొదటి పేజీలో ‘మొదలుపెట్టండి’ బటన్ తప్పనిసరి. ఆ వెంటనే అసలు ధ్వనులంత గట్టిగా ఉండే ఒక శబ్దం వినిపించి, హాయిగా వినబడే స్థాయికి వాల్యూమ్ పెట్టుకుని ఇక ముట్టుకోవద్దని చెప్పండి. తర్వాత వచ్చేదేదీ దానికంటే గట్టిగా ఉండకూడదు, చెవులు వాళ్లవి. ఎదుటివాడి హెడ్‌ఫోన్‌లో అసలు ఎన్ని డెసిబెల్స్ వస్తోందో మీకు తెలిసే దారి లేదు గనక వినికిడి హద్దులు కొలిచే పని ఆన్‌లైన్‌లో పెట్టుకోకండి, అది ఆడియాలజిస్టు పని, కాలిబ్రేట్ చేసిన ఆడియోమీటర్ పని.

హెడ్‌ఫోన్ పెట్టుకున్నారో లేదో తెలుసుకోడానికి రెండు పరీక్షలున్నాయి. వుడ్స్ బృందం 2017లో ఇచ్చినదాంట్లో మూడు స్వరాలు వినిపించి ఏది అన్నిటికంటే తక్కువ శబ్దంతో ఉందో అడుగుతారు. వాటిలో ఒకటి నిజంగానే 6 డెసిబెల్స్ తక్కువ, ఇంకోటి కుడి ఎడమ చెవులకి తిరగేసిన ఫేజ్‌లో (ఒక చెవిలో అల పైకి లేస్తుంటే ఇంకో చెవిలో కిందికి) వెళ్తుంది. హెడ్‌ఫోన్‌లో దానికేమీ కాదు, స్పీకర్‌లో అయితే రెండూ గాలిలో ఒకదాన్నొకటి కొట్టేసుకుని అదే తక్కువ శబ్దంతో వినబడుతుంది, మనిషి తప్పు జవాబు నొక్కుతాడు. ఆరింట్లో ఐదు సరైతే పాస్. మిల్నె బృందం 2021లో ఇచ్చినది ఇంకా కఠినం, రెండు చెవులకీ వెళ్లే హోరులో ఒక చెవి వైపు మాత్రం ఒక చిన్న ఫ్రీక్వెన్సీ పట్టీలో ఫేజ్ మార్చితే లీలగా ఒక స్వరం వినబడుతుంది, హెడ్‌ఫోన్ ఉంటేనే.

అయితే ఈ రెండూ నెక్‌బ్యాండ్‌ని పట్టుకోవు. అది స్టీరియోనే కాబట్టి దర్జాగా పాసవుతుంది. కొన్ని నెక్‌బ్యాండ్‌లు ధ్వని ఆగిన కాసేపటికి నిద్రపోయి, మళ్లీ మొదలయ్యేసరికి తొలి ముక్కని మింగేస్తాయి. ‘కల’లో ‘క’ పోయి ‘అల’ మిగిలితే మీ డేటాలో ఎక్కడా కనబడదు. ప్రతి ఫైలు ముందు అర సెకను చాలా సన్నని హోరు కలిపితే కొంత నయం. ఇంకా, ప్రయోగంలో మైక్ కూడా వాడితే బ్లూటూత్ ఫోన్ కాల్ మోడ్‌లోకి మారి ధ్వని మోనో అయిపోతుంది, నాణ్యత పడిపోతుంది. వినిపించడం, మాట్లాడించడం ఒకే ప్రయోగంలో ఉంటే వైరు తప్ప దారి లేదు. ఏ రకం హెడ్‌ఫోన్ అని నేరుగా అడగండి, బొమ్మలు పెట్టి అడగండి, బ్లూటూత్ అన్నందుకు మీకిచ్చే డబ్బులు తగ్గించం అని కూడా చెప్పండి, లేకపోతే నిజం చెప్పరు.

ఫోన్ సెట్టింగ్స్‌లో డాల్బీ, ఈక్వలైజర్ లాంటివి ఆపమని ఒక స్క్రీన్‌షాట్ పెట్టండి. ఫ్యాన్ ఆపమని కూడా రాస్తారు, రాయండి, కానీ మే నెలలో వైజాగ్ ఉక్కలో ఫ్యాన్ ఎవరూ ఆపరు, ‘ఆపాను’ అని మాత్రం నొక్కుతారు. వినికిడి ప్రయోగాలకి డిసెంబరు, జనవరి మంచిది.

లింకు పంపేముందు

మీ సొంత ఫోన్ మీద కాదు, మీకు తెలిసినవాళ్లలో అన్నిటికన్నా పాత ఫోన్ మీద మొదటి నుంచి చివరిదాకా చేసి చూడండి. లింకు ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే అది తన లోపలి బ్రౌజర్‌లోనే తెరుస్తుంది, అక్కడ ఫుల్ స్క్రీన్, ఆడియో పేచీ పెట్టొచ్చు, ‘క్రోమ్‌లో తెరవండి’ అని తెలుగులో పెద్దక్షరాలతో రాయండి. సూచనలన్నీ తెలుగులోనే ఉండాలి, అదీ మాట్లాడే తెలుగులో. ‘ఉద్దీపనకు ప్రతిస్పందించుము’ అని రాస్తే లింకు అక్కడే మూసేస్తారు.

ఎథిక్స్ కమిటీ అనుమతి ప్లాట్‌ఫామ్ ఎంచుకున్నాకే అడగండి, డేటా ఏ దేశంలో ఉంటుందని వాళ్లు అడుగుతారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లు పిల్లలే, వాళ్ల డేటాకి తల్లిదండ్రుల సమ్మతి కావాలి. డిగ్రీ మొదటి సంవత్సరంలో 17 ఏళ్లవాళ్లు ఉంటారు, వయసు ప్రశ్న మొట్టమొదట పెట్టి వాళ్లని అక్కడే ఆపండి. యూపీఐలో డబ్బులు వేస్తామంటే ఫోన్ నంబరు తీసుకోవాల్సి వస్తుంది కాబట్టి దాన్ని వేరే ఫామ్‌లో తీసుకోండి, జవాబుల ఫైలుతో కలపకండి.

ఎవరిని తీసేయాలో నియమాలు ముందే రాసి పెట్టుకోండి, హెడ్‌ఫోన్ పరీక్ష తప్పినవాళ్లు, మధ్యలో వేరే యాప్‌కి వెళ్లినవాళ్లు, అన్నిటికీ ఒకే బటన్ నొక్కినవాళ్లు. జేఎస్‌సైక్ అయితే వేరే ట్యాబ్‌కి వెళ్లిన క్షణాన్ని తనే నమోదు చేస్తుంది. ఇక జవాబుల సీఎస్‌వీ ఫైలు దిగాక ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేస్తే తెలుగంతా పిచ్చి గీతలుగా కనబడొచ్చు, కంగారుపడి సేవ్ కొట్టకండి, అప్పుడు నిజంగానే పాడవుతుంది. డేటా ట్యాబ్‌లోంచి ఇంపోర్ట్ చేసి, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఎంచుకోండి, అక్షరాలు సరిగ్గా వస్తాయి.