సరదా నవల అడిగితే నేను ఏది ఇస్తానంటే

"అక్కా, తల బరువెక్కకుండా చదువుకునే ఇంగ్లిష్ నవల ఏదైనా చెప్పు" అని ఎవరైనా అడిగితే నేను వెంటనే పేరు చెప్పను. ముందు రెండు ప్రశ్నలు వేస్తాను. ఈమధ్య దేని గురించి టెన్షన్ పడుతున్నావు? నీకు హిందీ వచ్చా? ఈ రెండూ తెలిస్తే సగం పని అయినట్టే.

మాది తెనాలి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. మా అమ్మ అద్దె పుస్తకాల షాపు నుంచి యద్దనపూడి సులోచనారాణి నవలలు తెచ్చుకుని, పొయ్యి మీద పప్పు ఉడికేలోగా నాలుగు పేజీలు చదివేది. ఆమె పక్కన కూర్చుని నేనూ చదివేదాన్ని. ఇంగ్లిష్ నవల అంటే మాత్రం డిగ్రీ అయ్యేదాకా భయమే. ఆ భయం పోగొట్టినవి చిక్ లిట్ అని పిలిచే ఈ నవలలే. ఉద్యోగం చేసుకునే అమ్మాయి, చాలీచాలని జీతం, స్నేహితురాళ్ళు, ఇంట్లో పెళ్ళి గొడవ, ఒక ప్రేమ. చాలావాటిలో ఆ అమ్మాయే తన తప్పులన్నీ మనకి విప్పి చెప్పుకుంటుంది. యద్దనపూడి 'సెక్రటరీ' నవలలో జయంతి ఆత్మాభిమానం చూసి పెరిగిన నాకు ఇది కొత్తగా అనిపించింది. 'చిక్' అంటే ఇంగ్లిష్‌లో అమ్మాయిని తేలిగ్గా పిలిచే మాట, అందులో కాస్త చిన్నచూపు ఉంది, నాకు నచ్చదు. షాపులో అడగడానికి పనికొస్తుంది కాబట్టి వాడుతున్నాను.

చాలామంది మొట్టమొదట 'బ్రిడ్జెట్ జోన్స్ డైరీ' ఇస్తారు. నేను ఇవ్వను. హెలెన్ ఫీల్డింగ్ 1996లో తెచ్చిన ఈ నవల నాకు చాలా ఇష్టం, కానీ మనలాంటివాళ్ళు దానితో మొదలుపెడితే ఇరవై పేజీల్లో అలిసిపోతారు. ఇది డైరీ కాబట్టి వాక్యాలు సగంలో తెగిపోతుంటాయి. 'వెరీ' అనే మాటకి ఒక్క అక్షరమే ఉంటుంది. ప్రతిరోజూ పైన ఆమె బరువు, తాగిన మందు, కాల్చిన సిగరెట్ల లెక్క రాసి ఉంటుంది. ఆ బరువు కిలోల్లో ఉండదు, స్టోన్లలో ఉంటుంది. ఒక స్టోన్ అంటే దాదాపు 6.35 కిలోలని తెలియకపోతే ఆమె ఏడుపు దేనికో అర్థం కాదు. పైగా హీరో పేరు డార్సీ అని ఎందుకు పెట్టారో తెలియాలంటే 1813లో వచ్చిన జేన్ ఆస్టిన్ నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' కథ తెలిసుండాలి. కనీసం దాని సినిమా అయినా చూశాక బ్రిడ్జెట్ చేతికి ఇవ్వండి, అప్పుడు ఒక్కో పేజీకి రెండేసి నవ్వులు దొరుకుతాయి.

హిందీ వచ్చినవాళ్ళకి మొదటి పుస్తకంగా అనుజా చౌహాన్‌ని ఇస్తాను. 'ద జోయా ఫ్యాక్టర్' 2008లో వచ్చింది. జోయా యాడ్ ఏజెన్సీలో పనిచేస్తుంది. 1983లో మనం వరల్డ్ కప్ గెలిచిన క్షణంలో పుట్టిందని, ఆమెతో కలిసి టిఫిన్ తింటే మ్యాచ్ గెలుస్తామని క్రికెటర్లు నమ్మడం మొదలుపెడతారు. కెప్టెన్‌కి మాత్రం ఆ నమ్మకం గిట్టదు. మ్యాచ్ రోజు కుర్చీలోంచి లేవనివ్వని బాబాయిలు ఉన్న ఇళ్ళలో పెరిగిన మనకి ఇది వివరించక్కర్లేదు. కాకపోతే ఇంగ్లిష్‌లో హిందీ బాగా కలిసిపోయి ఉంటుంది. హైదరాబాద్‌లో పెరిగినవాళ్ళు హాయిగా చదివేస్తారు, మా ఊరివాళ్ళు చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆమెదే 2013 నవల 'దోజ్ ప్రైసీ ఠాకూర్ గర్ల్స్' నాకు ఇంకా ఇష్టం. ఢిల్లీ హెయిలీ రోడ్డులో రిటైరైన జడ్జి గారు, ఆయనకి అయిదుగురు కూతుళ్ళు, పేర్లు ఏ, బీ, సీ, డీ, ఈ వరసలో. నాలుగో అమ్మాయి టీవీలో వార్తలు చదువుతుంది. ఉమ్మడి కుటుంబంలో ఉన్న కోడళ్ళకి నేను కళ్ళు మూసుకుని ఇచ్చే పుస్తకం ఇదే.

హిందీ రానివాళ్ళకి సోఫీ కిన్సెల్లా. ఇంగ్లిష్ తేట. షాపింగ్ పిచ్చి ఉన్న బెకీ కథ 2000లో వచ్చింది. పత్రికలో డబ్బు ఎలా దాచుకోవాలో రాసే బెకీ తన అప్పు మాత్రం తీర్చలేదు. మధ్యమధ్యలో బ్యాంకు నుంచి ఆమెకి వచ్చే ఉత్తరాలు ఉంటాయి. అవి చిన్నవి, మర్యాదగా మొదలై గట్టిపడుతూ పోతాయి. ఇంగ్లిష్ అంటే జంకేవాళ్ళని ముందు ఆ ఉత్తరాలు చదవమంటాను. ఒక జాగ్రత్త: ఇంగ్లండ్‌లో 'ద సీక్రెట్ డ్రీమ్‌వరల్డ్ ఆఫ్ ఎ షాపహాలిక్', అమెరికాలో 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ షాపహాలిక్', రెండూ ఒకటే పుస్తకం. మా పిన్ని కూతురు అబిడ్స్ ఆదివారం సంతలో రెండూ కొనేసింది.

ఈ పుస్తకంతోనే నేనొక తప్పు చేశాను. నా స్నేహితురాలు ఒకామె క్రెడిట్ కార్డు బాకీలతో సతమతమవుతోందని తెలియక ఇచ్చాను. రెండు రోజుల్లో తిరిగి ఇచ్చేసి, "ఆ ఉత్తరాలు చదువుతుంటే నా ఫోన్ మోగినట్టే ఉంది" అంది. అప్పటినుంచే టెన్షన్ సంగతి ముందే అడుగుతున్నాను. ఆమెకి తర్వాత అదే రచయిత్రి 2003 నవల 'కెన్ యూ కీప్ ఎ సీక్రెట్?' ఇచ్చాను. విమానం ఊగిపోతుంటే చావు ఖాయమనుకుని ఎమ్మా పక్క సీటు అపరిచితుడికి తన రహస్యాలన్నీ చెప్పేస్తుంది. తీరా చూస్తే అతను ఆమె కంపెనీ స్థాపించినవాడు. స్నేహితురాలు ఒక్క రాత్రిలో పూర్తి చేసింది.

ఐర్లండ్ రచయిత్రి మేరియన్ కీస్‌ని మూడో నాలుగో పుస్తకంగా ఇవ్వండి. ఇక్కడా అయిదుగురు అక్కచెల్లెళ్ళే, వాల్ష్ కుటుంబం. ఆస్టిన్ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లోనూ అక్కచెల్లెళ్ళు అయిదుగురే. అట్టలు రంగురంగులుగా ఉంటాయి కానీ లోపల బరువు ఉంటుంది. 1995 నాటి 'వాటర్‌మెలన్'లో క్లెయిర్ బిడ్డని కన్నరోజే భర్త వెళ్ళిపోతున్నానంటాడు. కడుపుతో ఉన్నవాళ్ళకి ఇది ఇవ్వొద్దు. 'రేచల్స్ హాలిడే' పేరు చూసి విహారయాత్ర అనుకోకండి. రేచల్ వెళ్ళేది మత్తుమందుల అలవాటు మాన్పించే చోటుకి, తనకి మాత్రం ఏ అలవాటూ లేదని చెబుతూనే ఉంటుంది. ఇంట్లో తాగుడు సమస్య చూసిన ఒకామె ఇది చదివి, మర్నాడు నాతో గంటసేపు మాట్లాడింది. నవ్వించే పుస్తకం ఇంత పని చేయగలదని నాకు ఆ రోజు తెలిసింది.

చదివే పద్ధతి ఒక్కటే చెబుతాను. అర్థం తెలియని ప్రతి మాటకీ ఫోన్ తీయొద్దు. ఒకే మాట మూడోసారి ఎదురైతే అప్పుడు వెతకండి. కొనేముందు మొదటి మూడు పేజీలు షాపులోనే నిలబడి చదవండి. ఒక్కసారైనా పెదవి కదలకపోతే తిరిగి పెట్టేయండి.

ఇచ్చిన వారం తర్వాత "ఎలా ఉంది?" అని అడగొద్దు, మొహమాటానికి బాగుందంటారు. "ఎక్కడిదాకా వచ్చావు?" అని అడగండి. భాష దగ్గర ఆగిపోతే కిన్సెల్లాకి మార్చండి. హీరోయిన్ మీద కోపం వచ్చి ఆగిపోతే ఠాకూర్ అమ్మాయిల్ని ఇవ్వండి, అయిదుగురిలో ఒక్కరైనా నచ్చుతారు. అసలు ఇంగ్లిషే వద్దంటే మా అమ్మ చదివిన 'సెక్రటరీ' ఉంది, రెండు భాగాల 'మీనా' ఉంది.