ఉద్యోగం ఇంట్లోకి వచ్చి కూర్చుంటే: లక్షణం, కారణం, పరిష్కారం

విశాఖపట్నం ఫ్యాక్టరీల్లో సంక్షేమ అధికారిగా చాలాకాలం పనిచేశాను. జీతం, సెలవు, క్యాంటీన్ గొడవల తర్వాత నా బల్ల ముందుకు ఎక్కువగా వచ్చిన ఫిర్యాదు ఇదే: ఉద్యోగం తప్ప బతుకులో ఇంకేమీ మిగలడం లేదు. వచ్చినవారు కారణాన్ని కూడా తామే తేల్చుకుని వచ్చేవారు. పై అధికారి మంచివాడు కాదు, లేదా ఈ ఉద్యోగమే వదిలేయాలి. రోజుకు ఎన్ని గంటలు పోతున్నాయో రాసి చూశారా అని అడిగితే మాత్రం జవాబు ఉండేది కాదు. రిటైరైన తర్వాత కూడా గాజువాక నుంచి, మధురవాడ నుంచి తెలిసినవారి పిల్లలు ఇదే బాధతో వస్తున్నారు. వాళ్లూ రాసి చూడలేదు. సెలవు ఎలా పెట్టాలో, ఫోనులో శబ్దం ఎలా ఆపాలో మీకు తెలుసనే అనుకుని మిగతాది చెబుతాను.

లక్షణాలు

అలసట, చిరాకు, నిద్ర పట్టకపోవడం అందరూ చెబుతారు. వాటిని బట్టి ఏమీ తేలదు. మార్చి నెలాఖరులో లెక్కలు ముగించే ఏ గుమాస్తాకైనా అవి ఉంటాయి, ఏప్రిల్‌లో పోతాయి. నేను నమ్మేవి వేరు.

జేబులో ఫోను మోగినట్టు అనిపించి తీసి చూస్తే ఏమీ ఉండదు. ఇది రోజూ జరుగుతుంటే ఒక లక్షణం. మీకన్నా ముందే మీ ఆరేళ్ల పాప ఫోను మోత విని, ఆట వదిలేసి, రెండు చేతులతో దాన్ని పట్టుకుని "నాన్నా, ఆఫీసు" అంటూ పరుగెత్తుకుంటూ వస్తే అది ఇంకా బలమైన లక్షణం. ఆ పిల్ల ఇంట్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఏదో నేర్చేసుకుంది.

మూడోదాన్ని చాలామంది తలకిందులుగా అర్థం చేసుకుంటారు. ఇంట్లో గొడవలు ఆగిపోతాయి. "ఈ మధ్య మా ఆవిడ ఏమీ అనడం లేదండీ, అలవాటు పడింది" అని తేలికపడి చెప్పినవారు నాకు చాలామంది తెలుసు. అది బాగుపడడం కాదు. ఆమె అడగడం మానేసింది. స్కూలు ఫీజు గడువు, పెళ్లి పిలుపు, నాన్నగారి కంటి ఆపరేషన్ తేదీ, అన్నీ మీకు చెప్పకుండానే జరిగిపోతుంటాయి. సింహాచలం అప్పన్న నిజరూప దర్శనం ఏడాదిలో ఒక్క రోజే, వైశాఖ శుద్ధ తదియనాడు. ఆ రోజు మిమ్మల్ని వస్తారా అని కూడా అడగకుండా ఇంటిల్లిపాదీ కొండకు వెళ్లి వచ్చారంటే, వెంటనే కింద చెప్పిన పరీక్ష మొదలుపెట్టండి.

ముందు చేయవలసిన పరీక్ష

మీ వంటింటి గోడకు తెలుగు క్యాలెండర్ ఉంటుంది. పాల లెక్క, గ్యాసు బండ వచ్చిన రోజు రాసుకునే ఆ గళ్లలోనే రెండు వారాలపాటు మూడు అంకెలు వేయండి: ఇల్లు వదిలిన వేళ, తిరిగి గడప తొక్కిన వేళ, ఇంటికి వచ్చాక పని కోసం ఫోను ఎత్తిన సార్లు. రోజూ రాత్రి పడుకునే ముందు వేయాలి. వారం చివర గుర్తు తెచ్చుకుని వేస్తే పనికిరాదు. ఫోనులోని యాప్‌లో కాకుండా గోడ మీదే ఎందుకంటే, అక్కడ ఇంట్లోవారికీ కనబడుతుంది, మీరు తగ్గించి రాస్తే వారు దిద్దుతారు.

ఇది పరీక్షేనా అని తీసిపారేయకండి. దీన్ని వదిలేసి ఉద్యోగం మారినవారు కొత్త చోట కూడా అదే బాధ పడడం చూశాను.

రెండు వారాలయ్యాక గళ్లను చూస్తే దారి రెండుగా చీలుతుంది. గంటలు నిజంగానే ఎక్కువ, లేదా గంటలు మామూలుగానే ఉన్నా సాయంత్రాలు కనబడడం లేదు.

గంటలు నిజంగానే ఎక్కువైతే

ఇది తేలికైన రకం, ఎందుకంటే కంటికి కనబడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించిన అంచనా ప్రకారం, వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువ. పోలిక వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో. క్యాలెండర్ గంటల్లోంచి ప్రయాణం, భోజనం వేళలు తీసేశాక కూడా మీ వారం మొత్తం 55 దాటుతుంటే బేరం అక్కర్లేదు, తగ్గించాల్సిందే.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే వారానికి 48 గంటలని గీత గీసి, దాటితే రెట్టింపు వేతనం ఇవ్వాలంది. కొత్త కార్మిక కోడ్‌లు కూడా ఆ రెట్టింపును ఉంచాయి. పర్యవేక్షణ హోదాలో ఉన్నవారికి ఇది వర్తించదని మీకు చెబుతారు. చాలావరకు నిజమే. అప్పుడు చట్టంతో కాకుండా క్యాలెండర్‌తో మాట్లాడండి. "పని ఎక్కువగా ఉంది సార్" అంటే "అందరికీ ఉందయ్యా" అనే జవాబే వస్తుంది. "ఈ రెండు వారాల వేళలు ఇవి. ఈ మూడు పనుల్లో ఏది ఆపమంటారు?" అని కాగితం ముందు పెడితే ఏదో ఒకటి తేల్చక తప్పదు.

రుషికొండ, మధురవాడ సాఫ్ట్‌వేర్ వారికి ఒక మాట. అమెరికా తూర్పు తీరంలో వేసవిలో ఉదయం 9 గంటలంటే మనకు సాయంత్రం 6.30. నవంబర్‌లో వారు గడియారం వెనక్కి తిప్పగానే అదే సమావేశం మనకు 7.30కి జరిగిపోతుంది. ఎవరూ ఏమీ మార్చలేదు, మీ ఇంట్లో భోజనం వేళ మాత్రం పోయింది. నవంబర్ నుంచి మార్చి దాకా ఆ సమావేశాన్ని భారత కాలమానానికి కట్టేయమని అక్టోబర్‌లోనే అడగండి. గడియారం మారాక అడిగితే అప్పటికే అందరి క్యాలెండర్లూ నిండిపోయి ఉంటాయి.

గంటలు మామూలే, కానీ సాయంత్రాలు లేవు

నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది ఈ రకమే. ఎందుకంటే పరీక్షలో ఏమీ దొరకదు. ప్రయాణం, భోజనం అన్నీ కలుపుకుని ఉదయం ఎనిమిదికి వెళ్లి ఆరున్నరకు వస్తాడు. ఆదివారం సెలవు. ఇంటికి వచ్చే కాల్స్ రోజుకు రెండో మూడో, ఒక్కోటి రెండు నిమిషాలు. కాగితం మీద ఈ మనిషికి ఏ కష్టమూ లేదు. భార్య మాత్రం "ఇంట్లో ఉన్నా ఉన్నట్టు ఉండరండీ" అంటుంది. ఆమె చెప్పిందే నిజం.

పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో మెయింటెనెన్స్ చూసే ఇంజనీరు ఇలాగే వచ్చాడు. ఒక ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో ఆ కుటుంబం కనబడింది. పిల్లాడు ఇసుకలో గొయ్యి తవ్వుతున్నాడు. తండ్రి పక్కనే కూర్చున్నాడు, చేతిలో మురీ మిక్చర్ పొట్లం మెత్తబడిపోతోంది. ఫోను మోకాలి మీద, తెర పైకి ఉండేలా పెట్టుకున్నాడు. నేను అక్కడ ఉన్నంతసేపూ అది ఒక్కసారి కూడా మోగలేదు. అయినా అతని కళ్లు అలకు ఒకసారి దాని మీదికి వెళ్లి వస్తూనే ఉన్నాయి. పిల్లాడు "నాన్నా, నీళ్లొచ్చాయి చూడు" అంటే "ఊఁ" అన్నాడు, చూడలేదు.

అంటే అతన్ని పట్టి ఉంచింది పని కాదు, పని కోసం కాచుకుని ఉండడం. ఎప్పుడు వస్తుందో తెలియని ఒక్క కాల్ కోసం మొత్తం సాయంత్రం కాపలా. అందుకే ఇక్కడ కాల్స్ సంఖ్య తగ్గించినా ప్రయోజనం ఉండదు. పది కాల్స్‌ను మూడుకు తగ్గించుకున్నవారిని చూశాను, కాపలా అలాగే ఉంది. ఆ మూడింటిలో ఏది ముఖ్యమైనదో మోగేదాకా తెలియదు కాబట్టి, మోగని సమయమంతా కూడా కాపలాలోనే పోతుంది.

"ఫోను ఆపేయండి" అనే సలహా ఈ ఊళ్లో చెల్లదు. ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్లు రాత్రీ పగలూ నడవాల్సిందే. పోర్టులో ఓడ మన తీరికను బట్టి రాదు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే విషవాయువు ఆర్.ఆర్.వెంకటాపురం చుట్టుపక్కల కమ్ముకున్న సంగతి ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. కొన్ని కాల్స్ ఎత్తి తీరాలి. అందుకే చేయవలసింది ఆపడం కాదు, విడదీయడం.

ఫోనులో గత నెల కాల్ జాబితా తెరవండి. ఇంటికి వచ్చాక పని మీద వచ్చిన ప్రతి కాల్ పక్కన, అది ఎందుకు వచ్చిందో ఒక్క ముక్క రాయండి. ఆ ఇంజనీరుతో కూర్చుని ఈ పని చేశాను. ఎక్కువ కాల్స్ ఇలాంటివి: పంపు సీలు స్టోర్స్‌లో ఏ అరలో ఉంది? వెల్డింగ్ పర్మిట్ మీద ఎవరి సంతకం కావాలి? కాంట్రాక్టరు రేపు ఎంతమందిని తెస్తాడు? ఇవేవీ అత్యవసరం కాదు, అతను చేయవలసిన పనులూ కాదు. జవాబులు అతని తలలో తప్ప ఎక్కడా రాసి లేవు, అంతే. తెల్లవారేదాకా ఆగలేనివి ఆ నెలలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మాత్రమే.

ఇక విడదీయడం. జవాబు రాసి ఉంటే రాకపోయే కాల్స్‌ను ముందు తీసేయండి. షిఫ్టు మారే చోట లాగ్ బుక్ పక్కన ఒక కాగితం అంటించండి: ఏ సామాను ఎక్కడ, ఏ సంతకం ఎవరిది, ఎవరు లేకపోతే ఎవరు. వచ్చే ప్రతి అనవసరపు కాల్‌కు జవాబు చెప్పి, మర్నాడు దాన్ని ఆ కాగితంలో చేర్చండి. కొందరు ఇక్కడ వెనకాడతారు. అన్నీ తనకే తెలిసి ఉంటే ఉద్యోగం భద్రం అనుకుంటారు. రాసిపెట్టినందుకు ఉద్యోగం పోయినవారిని నేను చూడలేదు. రాసిపెట్టనందుకు ప్రమోషన్ ఆగినవారిని చూశాను, "అతన్ని అక్కడి నుంచి కదిపితే ఎలా" అని.

తర్వాత, ఆగగలిగినవాటికి మెసేజ్, ఆగలేనివాటికి మాత్రమే కాల్ అని మీ షిఫ్టులవారితో, పై అధికారితో మాట్లాడి ఒప్పందం చేసుకోండి. పని వేళల తర్వాత ఫోను ఎత్తకుండా ఉండే హక్కు ఫ్రాన్స్‌లో 2017 జనవరి నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి చట్టంలో ఉంది. మన దగ్గర లేదు కాబట్టి ఈ మాట ఎవరికివారే కుదుర్చుకోవాలి. కాల్ చేసే అర్హత ఒక్కరికే ఉండాలి, ఆ వేళ షిఫ్టు ఇన్‌చార్జికి. ఆయన నంబరుకు ఇంకే నంబరుకూ లేని మోత పెట్టండి. వాట్సాప్ గ్రూపును శాశ్వతంగా మ్యూట్ చేసి, రాత్రి తొమ్మిదికి ఒకసారి చూస్తానని అందరికీ చెప్పండి. చెప్పకుండా మ్యూట్ చేస్తే మెసేజ్ పెట్టినవారు జవాబు రాక కాల్ చేయడం మొదలుపెడతారు.

అన్నిటికన్నా గట్టి మందు వంతు. ఇద్దరు ముగ్గురు ఉన్న విభాగంలో ఒక డ్యూటీ ఫోను, ఒక సిమ్ము తీసుకోమనండి. ఈ వారం అది మీ చేతిలో, వచ్చే వారం మరొకరి చేతిలో. మీ వంతు కాని వారంలో మీ సొంత ఫోను ఎవరు మోగించినా అది అత్యవసరం కాదని మీకు ముందే తెలుసు. ఆ తెలియడమే ఇక్కడ పనిచేస్తుంది. మా వాళ్లలో కొందరు వంతు మాట కుదిరాక కూడా "ఎందుకైనా మంచిదని" తమ నంబరు ఇచ్చి వచ్చేవారు. ఇస్తే వంతు లేనట్టే.

ఇవన్నీ చేసిన వెంటనే మార్పు కనబడదు. కొన్ని వారాలు చెయ్యి జేబులోకి వెళ్తూనే ఉంటుంది. నయమైందో లేదో మిమ్మల్ని మీరు అడగకండి, ఇంట్లోవారిని అడగండి. ఆ ఇంజనీరు భార్య కొన్నాళ్ల తర్వాత చెప్పింది: "మళ్లీ పోట్లాడుకుంటున్నామండీ, పిల్లాడి ట్యూషన్ గురించి." మంచి కబురు. ఇన్‌చార్జి మారినా, మీకు బదిలీ అయినా ఒప్పందం కొత్తవారితో మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి. చాలాచోట్ల రోగం తిరగబెట్టేది అక్కడే.

మిగతా కారణాలు

కావాలని వేధించే అధికారి ఉంటాడు, కానీ మీరు అనుకున్నంత తరచుగా ఉండడు. క్యాలెండర్ చూపించాక కూడా మారకపోతే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ప్రయాణమే సమయం తింటుంటే ఇల్లు మారడమో, కంపెనీ బస్సు ఎక్కడమో తప్ప వేరే దారి లేదు. ఇంటికి వెళ్లాలనిపించక ఆఫీసులో కూర్చునేవారి సమస్య ఇంట్లో ఉంది, దాన్ని గంటలు తగ్గించి సరిచేయలేం.

వారం సెలవు తీసుకున్నా అలసట తగ్గకపోతే థైరాయిడ్, షుగర్, రక్తహీనత పరీక్షలు చేయించండి. గురక పెట్టేవారైతే నిద్ర గురించి కూడా డాక్టరుకు చెప్పండి. నీరసంతో పాటు పని మీద విరక్తి, ఏదీ చేయలేననే భావన కలిసి వస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్న్‌ఔట్ అని వర్ణించింది ఆ స్థితినే. దాన్ని జబ్బుగా కాకుండా, అదుపులో పెట్టని ఉద్యోగ ఒత్తిడి ఫలితంగా చూసింది. కాబట్టి మందులతో పాటు పైన చెప్పిన మరమ్మతులూ కావాలి. బతకాలని లేదనే మాట నోటి వరకు వస్తే ఈ క్యాలెండర్లు, జాబితాలు పక్కన పెట్టండి. టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. చిన వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఒంటరిగా వెళ్లకండి, ఇంట్లోవారిని ఒకరిని వెంట తీసుకెళ్లండి.