లౌగావేగర్‌లో ఒంటరిగా నాలుగు రోజులు

ఐస్‌లాండ్‌లోని లౌగావేగర్ బాట లాండ్‌మన్నలౌగర్ నుంచి థోర్స్‌మోర్క్ దాకా సుమారు 55 కిలోమీటర్లు. జులై, ఆగస్టుల్లో వెళ్ళండి. టెంటు దారిలోని బస గుడిసెల పక్కనే వేయాలి.

అక్కడ చలి కన్నా గాలితోనే టెన్షన్. మొదటి రాత్రి హ్రాఫ్న్‌టిన్నుస్కేర్‌లో, వెయ్యి మీటర్ల పైన, నా టెంటు మేకు ఊడి ఎటో పోయింది. అక్కడ రాళ్ళు పేర్చిన అడ్డుగోడలుంటాయి. ముందు ఖాళీ గోడ పట్టుకోండి, టీ తర్వాత. నేను టీతో మొదలుపెట్టాను! 2004లో ఒక యువకుడు హ్రాఫ్న్‌టిన్నుస్కేర్ బస గుడిసెకు దగ్గర్లోనే మంచు తుఫానులో చనిపోయాడు. దారిలో అతని స్మారకం ఉంది. పొగమంచు కమ్మితే గుడిసె దాటకండి.

వాగులకు వంతెనలు అన్నిచోట్లా లేవు. వెడల్పుగా పారే చోట లోతు తక్కువ, అక్కడే దిగండి. బ్యాగు నడుము బెల్టు విప్పేయండి, జారితే వదిలించుకోవచ్చు. వట్టికాళ్ళతో వద్దు, పట్టీల చెప్పులు వేసుకోండి.

గ్యాస్ డబ్బా విమానంలో తేనివ్వరు, రాజధాని రేక్యావిక్‌లో కొనుక్కోవాలి. తిండికి అటుకులు, కందిపొడి తీసుకెళ్ళాను. వేడినీళ్ళు పోస్తే చాలు. నెయ్యి మర్చిపోయాననే బాధ నాలుగు రోజులూ ఉంది.